పండుగ సరుకులు తక్కువ ఖర్చులో కొనడం ఎలా?

దసరా నుంచి సంక్రాంతి దాకా హైదరాబాద్‌లో ధరలు కొండెక్కి కూర్చుంటాయి. జీతం మారదు, ఇంట్లో తినేవాళ్లూ పెరగరు, సరుకుల బిల్లు మాత్రం వాచిపోతుంది. నగరమంతా ఒకే వారంలో నూనె, పప్పు, బెల్లం, పూలు, కొబ్బరికాయల కోసం ఎగబడడం ఇందుకు ఒక కారణం. ఖరీఫ్ పంట ఇంకా పూర్తిగా ఇంటికి రాకపోవడం, వానలకు కూరగాయలు దెబ్బతినడం మరో కారణం. కొన్నిసార్లు ఢిల్లీలో తీసుకునే నిర్ణయమే మన మూకుడు దాకా వస్తుంది. 2024లో దసరాకు నెల ముందు, సెప్టెంబరు 14 నుంచి, ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మౌలిక దిగుమతి సుంకాన్ని కేంద్రం సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. 2025 మే చివర్లో గానీ దాన్ని 10 శాతానికి తగ్గించలేదు.

ఇవేవీ మన చేతిలో లేవు. ఏ సరుకు ఎప్పుడు కొనాలన్నది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. పండుగ ఖర్చులో నిజంగా మిగిలేది అక్కడే. ఆఫర్ల బోర్డులు చూసి పరుగెత్తితే మిగిలేది చాలా తక్కువ.

1. ముందు వంటలు రాయండి, తర్వాత సరుకులు

చాలామంది చిట్టీ రాయడం మొదలుపెట్టగానే కందిపప్పు, చక్కెర, నూనె అంటూ అలవాటు ప్రకారం వరసగా రాసుకుపోతారు. అలా కాకుండా మొదట ఏ రోజు ఏం వండుతారో రాయండి. సద్దుల బతుకమ్మకు మలీద ముద్దలు, సత్తుపిండి. దసరాకు మటన్, గారెలు. సంక్రాంతికి సకినాలు, అరిసెలు. ఒక్కో వంటకు ఏది ఎంత కావాలో పక్కనే వేయండి. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి డబ్బాలన్నీ తెరిచి చూడండి. నువ్వులు, వాము, ఏలకులు, గసగసాలు చాలా ఇళ్లలో డబ్బా అడుగున ఎంతో కొంత ఉండనే ఉంటాయి. ఉన్నాయో లేవో చూడకుండా మళ్లీ కొనేవి ఎక్కువగా ఇవే. వీటిలో ఏలకులు, గసగసాలైతే గ్రాముల లెక్కన ఇంట్లో బాగా ఖరీదైనవి కూడా.

2. చిట్టీని మూడు ముక్కలు చేయండి

మొదటి ముక్కలో నెల రోజులు నిలవ ఉండేవి రాయండి: పప్పులు, నూనె, నెయ్యి, చక్కెర, చింతపండు, నువ్వులు, జీడిపప్పు, కిస్‌మిస్, మసాలా దినుసులు. వీటిని పండుగకు మూడు, నాలుగు వారాల ముందే తెచ్చేసుకోవాలి. రెండో ముక్కలో వారం ఆగగలిగేవి ఉంటాయి: కొబ్బరికాయలు, ఉల్లిపాయలు, ఆలుగడ్డలు. మూడో ముక్కలో పూలు, ఆకుకూరలు, పాలు, అరటిపండ్లు, మాంసం మిగులుతాయి. పండుగ ముందు రోజు బజారుకు వెళ్లినప్పుడు మీ చేతిలో ఈ మూడో ముక్క మాత్రమే ఉండాలి. రద్దీలో, తొందరలో, పిల్లలు పక్కన ఉండగా జీడిపప్పు కొనేవాళ్లు బేరం చేయలేరు. ఆ సంగతి అమ్మేవారికి బాగా తెలుసు.

సంక్రాంతి బెల్లం మాత్రం వేరు. చలికాలంలో చెరకు గానుగలు ఆడతాయి కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో కొత్త బెల్లం వస్తుంది. దాన్ని ముందుగా కొని దాచుకునే పనే లేదు.

3. ఏడాదికి సరిపడేవి పంట చేతికొచ్చినప్పుడు కొనండి

పండుగ ఖర్చు తగ్గించడానికి నాకు తెలిసిన గట్టి మార్గం ఇదే, దీన్ని ఎవరూ ప్రకటనల్లో చెప్పరు. మిరప కొత్త పంట ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఖమ్మం, వరంగల్, గుంటూరు మార్కెట్లకు వస్తుంది. నిజామాబాద్ పసుపు, కొత్త చింతపండు కూడా దాదాపు అప్పుడే. మన పెద్దవాళ్లు ఎండాకాలంలో మిరపకాయలు ఎండబెట్టి కారం పట్టించి పెట్టుకున్నది ఇందుకే. కంది జూన్, జూలైలలో విత్తితే సంక్రాంతి అటూ ఇటుగా కోతకు వస్తుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది మన పక్క జిల్లాదే. ఫిబ్రవరి, మార్చిలో నాలుగైదు నెలలకు సరిపడా కందిపప్పు తీసుకుని, ఒక పూట ఎండలో పెట్టి, గాలి చొరబడని డబ్బాలో పోసి నాలుగు ఎండుమిరపకాయలు వేస్తే పురుగు పట్టదు.

బియ్యానికి ఈ లెక్క పూర్తిగా వర్తించదు. కొత్త బియ్యం చవకే గానీ అన్నం మెత్తబడుతుంది. పాతవాటికి ధర ఎక్కువ. చోటు ఉన్నవాళ్లు డిసెంబరులో కొత్త బియ్యం కొని ఆరు నెలలు ఆగవచ్చు. రెండు గదుల అద్దె ఇంట్లో అది కుదరని పని, దాని గురించి బాధపడకండి. రేషన్ కార్డు ఉంటే 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. ఆ బియ్యం తెచ్చుకోవడానికి ఎవరూ మొహమాటపడాల్సిన అవసరం లేదు.

4. ఏది ఎక్కడ కొనాలి?

డ్రైఫ్రూట్స్, మసాలా దినుసులు, పప్పులకు బేగంబజార్‌కు సాటి లేదు. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగితే దగ్గరే. కారు తీసుకెళ్తే ఆ సందుల్లో పెట్టడానికి చోటు వెతకడంతోనే సగం పూట గడిచిపోతుంది. మొదటి దుకాణంలో కొనకండి. మూడు, నాలుగు చోట్ల ధర అడిగి, సరుకు చేతిలోకి తీసుకుని చూసి, ఆ తర్వాతే మాట్లాడండి. అక్కడ పావు కిలో ధర వేరు, రెండు కిలోల ధర వేరు. కాబట్టి అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు కలిసి ఒకరిని పంపితే అందరికీ టోకు ధర దక్కుతుంది. పావు కిలో కిస్‌మిస్ కోసం ఒక్కరే ఆటోలో వెళ్తే ఆదా అయిన డబ్బు ఆటోకే సరిపోతుంది.

జీడిపప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దుకాణంలో గాజు సీసాలో పైన కనిపించేవి పెద్ద గుండు పప్పులు. వాటి పక్కనే బద్దలు, ముక్కలు వేరుగా ఉంటాయి. అదే పప్పు, అదే రుచి, విరిగిందని ధర తక్కువ. పాయసానికి, పులిహోరకు, లడ్డూకు నేతిలో వేయించేటప్పుడు ఎలాగూ గుండు పప్పును విరుస్తాం కదా. ఇంటికి వచ్చిన వారి ముందు ప్లేటులో పెట్టడానికి ఒక వంద గ్రాములు గుండు పప్పు తీసుకుని, మిగతావి ముక్కలు తీసుకోండి. కొనేముందు ఒక ముక్క నోట్లో వేసుకోండి. కరకరలాడకుండా సాగినా, కమురు వాసన వచ్చినా వదిలేయండి.

కూరగాయలకు రైతుబజార్లు ఉన్నాయి. 1999లో మొదలైన ఈ బజార్లు మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, వనస్థలిపురం లాంటి చోట్ల నడుస్తున్నాయి. ఆనాటి ధరలు బోర్డు మీద రాస్తారు. లోపలికి వెళ్లేముందు ఆ బోర్డును ఫోనులో ఫొటో తీసుకోండి, ఏ బండి దగ్గర నిలబడినా అదే మీకు కొలబద్ద. ఇక కాలనీల్లో జరిగే వారపు సంతల్లో రాత్రి ఎనిమిది దాటాక మిగిలిన కూరగాయలను కుప్పలుగా పోసి తక్కువకే ఇచ్చేస్తారు. ఆ వేళకు నాణ్యం కాస్త తగ్గినా రెండు రోజుల్లో వండేయగలిగితే నష్టం లేదు.

వీధి చివరి కిరాణా దుకాణాన్ని చులకన చేయకండి. నెల మొత్తం చిట్టీ ఆయన చేతిలో పెట్టి, ‘అన్నా, అన్నీ మీ దగ్గరే తీసుకుంటాం, ధర చూసి వేయండి’ అని అడిగి చూడండి. నాలుగు వస్తువుల మీదైనా తగ్గిస్తారు, బాగోలేని సరుకును మారు మాట లేకుండా వెనక్కి తీసుకుంటారు. పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు అత్యవసరానికి మంచివే. అయితే వస్తువు ధర చూసి ఆగిపోకుండా బిల్లు చివరిదాకా చదవండి. డెలివరీ, హ్యాండ్లింగ్, చిన్న ఆర్డరు రుసుములు కలిపితే తగ్గింపు మొత్తం హరించుకుపోతుంది.

5. ప్యాకెట్ ధర చూడకండి, కిలో ధర చూడండి

పండుగ రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. లీటరు నూనె ప్యాకెట్ 150 రూపాయలు, దాని పక్కన అంతే ఎత్తున్న మరో ప్యాకెట్ 135 రూపాయలు అనుకుందాం. రెండోదానిలో ఉన్నది 850 మిల్లీలీటర్లే అయితే లీటరు సుమారు 159 రూపాయలు పడుతుంది. చవక అనుకుని తెచ్చిందే ఖరీదైనదన్నమాట. గరిష్ఠ చిల్లర ధరతో పాటు గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా ప్యాకెట్ మీద ముద్రించాలని నిబంధన ఉంది. అక్షరాలు చిన్నవిగా ఉంటాయి, వెతికి చూడండి.

పిండివంటలకు నూనె డబ్బా కొనేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. 15 కిలోల డబ్బా, 15 లీటర్ల డబ్బా చూడటానికి ఒకేలా ఉంటాయి. లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది కాబట్టి 15 లీటర్ల డబ్బాలో ఉండేది 13.65 కిలోలే. దాదాపు లీటరున్నర తేడా. ధర చెప్పగానే ‘కిలోలా, లీటర్లా?’ అని అడగండి.

బియ్యం బస్తా దగ్గరా ఇదే పని చేయాలి. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడుతోంది. దుకాణాల్లో 26 కిలోల బస్తాలు వచ్చింది అందుకే. 25 కిలోల బస్తాతో పోల్చేటప్పుడు కిలోకు ఎంతో భాగించి చూడండి. నెయ్యి, బాదం, పిస్తాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు మీ బిల్లులో కనిపించాలి, కనిపించకపోతే అడిగి తీరాలి.

6. చివరి మూడు రోజులు

పూల ధర పండుగ ముందు రోజు సాయంత్రం ఆకాశాన్ని తాకుతుంది. రెండు రోజుల ముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌లో బంతిపూలు కిలోల లెక్కన తీసుకుని, తడిగుడ్డ మీద పల్చగా పరిచి నీడలో ఉంచితే నిలుస్తాయి. దండ ఇంట్లోనే గుచ్చుకుంటే మూర లెక్కన కొనే ఖర్చు తప్పుతుంది. గునుగు పూలను ఎలాగూ రంగులద్ది ఆరబెట్టాలి కాబట్టి ముందుగానే తెచ్చుకోవచ్చు. అరటిపండ్లు కాస్త పచ్చిగా ఉన్న అత్తం తీసుకోండి, పూజ నాటికి పండుతాయి.

టమాటా ధర మండిపోతుంటే చింతపండుతో గడుపుకోండి. ఉల్లిపాయలు మలక్‌పేట గంజ్‌లో బస్తా తీసుకుని పంచుకుంటే లాభం, తడిసినవి మాత్రం వద్దు. దసరా మటన్ కోసం రోజూ కొనే దుకాణంలో రెండు రోజుల ముందే చెప్పిపెట్టి ధర మాట్లాడుకోండి. క్యాలెండరు కూడా చూసుకోండి. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది. గాంధీ జయంతికి నగరంలో మాంసం దుకాణాలు మూసేస్తారు కాబట్టి అంతా ముందు రోజే కొనాల్సి వచ్చింది.

7. వీటిలో మాత్రం చవక వెతకకండి

మార్కెట్ ధరకు సగానికే నెయ్యి అమ్ముతున్నారంటే అది నెయ్యి కాదు. లేబుల్ లేని విడి నూనె, కంటికి కొట్టేంత ఎర్రటి కారప్పొడి, ప్రకాశవంతమైన రంగుల మిఠాయిలు కూడా అంతే. ప్యాకెట్ మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉందో లేదో చూడండి. ఆ నూనెలో వేగినవి తినేది పిల్లలు, వయసు మళ్లిన అమ్మానాన్నలు. ఇరవై, ముప్పై రూపాయల కోసం వాళ్ల ఆరోగ్యాన్ని పణంగా పెట్టడం నాకు ఏ లెక్కన చూసినా తప్పుగానే అనిపిస్తుంది.

8. తూకం, బిల్లు

కాటా మీద సరుకు పెట్టకముందు సున్నా చూపిస్తోందా చూడండి. మిఠాయిలను డబ్బాతో కలిపి తూచడం నిబంధనలకు విరుద్ధం. డబ్బా బరువు తీసేయమని నెమ్మదిగా, గట్టిగా చెప్పండి. ముద్రించిన గరిష్ఠ ధర కంటే ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా ఇవ్వక్కర్లేదు. మాట వినకపోతే బిల్లు దగ్గర ఉంచుకుని జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేయండి.

9. పండుగ అయిపోయాక

దీపావళి దాటిన వారంలో సూపర్‌మార్కెట్లలో అమ్ముడుపోని డ్రైఫ్రూట్స్ కానుక పెట్టెల ధర తగ్గించేస్తారు. పైనున్న మెరుపు కాగితాన్ని వదిలేసి, లోపలి నికర బరువు, ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో చూసి కిలో లెక్క వేయండి. బేగంబజార్ ధరకన్నా తక్కువ పడితే తీసుకోండి. సీసాలో పోసి బిగుతుగా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే సంక్రాంతి పాయసానికి అవే సరిపోతాయి.