ఎంక్రిప్ట్ నుంచి సోడియంకు మారేటప్పుడు పాత డేటాను కాపాడుకోవడం

పీహెచ్‌పీలో డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే పాత ఎక్స్‌టెన్షన్ ఎంక్రిప్ట్ (mcrypt) మీద ఆధారపడిన ప్రాజెక్టులు ఇంకా మిగిలే ఉన్నాయి. దాని వెనుకనున్న లిబ్‌ఎంక్రిప్ట్ లైబ్రరీని 2007 తర్వాత పట్టించుకున్నవారు లేరు. 2017లో వచ్చిన పీహెచ్‌పీ 7.2 ఎంక్రిప్ట్‌ను తొలగించి, అదే పని చేసే కొత్త ఎక్స్‌టెన్షన్ సోడియంను చేర్చుకుంది. కోడ్ మార్చడం త్వరగానే పూర్తి కావచ్చు గాని, అసలు కష్టమంతా పాత లైబ్రరీతో ఎన్‌క్రిప్ట్ చేసి డేటాబేస్‌లో దాచిన సమాచారంతోనే.

ముందుగా ఎంక్రిప్ట్ వాడకాన్ని సొంత కోడ్‌లోనే కాక కంపోజర్ (పీహెచ్‌పీ ప్యాకేజీ మేనేజర్) తెచ్చిన ప్యాకేజీల్లోనూ వెతికి, మన కోడ్‌లోని వాడకమంతటినీ ఒకే క్లాసులోకి చేర్చండి. పాత లైబ్రరీ ఇంకా పనిచేస్తుండగానే, పరీక్షల కోసం కేటాయించిన కీతో కొన్ని నమూనాలను ఎన్‌క్రిప్ట్ చేసి, వాటి అసలు పాఠంతో సహా టెస్టుల్లో భద్రపరచండి.

ఎక్కువమంది తడబడేది పేర్ల దగ్గర. ఎంక్రిప్ట్‌లోని రైన్‌డాల్-256 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో ఆ అంకె బ్లాకు (ఒకేసారి ఎన్‌క్రిప్ట్ చేసే ముక్క) పరిమాణం; రైన్‌డాల్ నుంచే వచ్చిన ప్రమాణం ఏఈఎస్-256లో అదే అంకె కీ పొడవు. ఏఈఎస్ బ్లాకు ఎప్పుడూ 128 బిట్లే కాబట్టి, పేరు చూసి ఒకదాని బదులు మరొకటి పెడితే పాత డేటా తెరుచుకోదు. రైన్‌డాల్-128ను 32 బైట్ల కీతో వాడి ఉంటే మాత్రం అది ఏఈఎస్-256తో సమానం గనుక పీహెచ్‌పీలోని ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎక్స్‌టెన్షన్ చదవగలదు. 256 బిట్ల బ్లాకుతో దాచినదానికి పీహెచ్‌పీసెక్‌లిబ్ (phpseclib) అనే లైబ్రరీ పనికొస్తుంది. ప్యాడింగ్, అంటే చివరి బ్లాకులో మిగిలిన ఖాళీని నింపడం, మరో చిక్కు. ఎంక్రిప్ట్ చివరి బ్లాకును సున్నా బైట్లతో నింపుతుంది, ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లోని జీరో ప్యాడింగ్ ఫ్లాగ్ పేరుకు భిన్నంగా ప్యాడింగ్ జోలికే పోదు. కాబట్టి ఆ ఫ్లాగ్‌తో డిక్రిప్ట్ చేశాక చివరి సున్నాలను మనమే తీసివేయాలి. అయితే బైనరీ డేటా సహజంగానే సున్నాతో ముగియవచ్చు గనుక అసలు పొడవు తెలియకుండా దాని మీద చెయ్యి వేయకూడదు.

ఇకమీదట రాసే ప్రతి విలువనూ సోడియంలోని సీక్రెట్‌బాక్స్ ఫంక్షన్‌తో, కొత్త కీతో, ప్రతిసారీ యాదృచ్ఛికంగా తీసిన 24 బైట్ల నాన్స్‌తో (ఒక్కసారే వాడే విలువ) ఎన్‌క్రిప్ట్ చేసి, దాని ముందు ‘వి2:’ వంటి గుర్తు పెట్టండి. గుర్తు లేని విలువ ఎదురైతే పాత పద్ధతిలో చదివి కొత్త పద్ధతిలో తిరిగి రాయాలి. బ్లాకులను గొలుసుగా కలిపే సీబీసీ పద్ధతిలో తప్పు కీ వాడినా ఏవో బైట్లు వస్తాయి కాబట్టి, చదివినది ఈమెయిలో, తేదీయో, ఉండవలసిన రూపంలో ఉందని తేలాకే పాతదాని మీద రాయండి. టేబుల్ మొత్తాన్ని ఒక్క రాత్రిలో మార్చేయడం కంటే ఇది నిదానమే, అయినా నేను దీన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే పొరపాటు తొలి కొద్ది వరుసల్లోనే బయటపడుతుంది.

గుర్తు లేని విలువ ఒక్కటీ మిగలనప్పుడు పాత కోడ్‌ను ప్రాజెక్టు నుంచి తీసివేయవచ్చు. పాత కీనీ, పాత డేటాను చదివే స్క్రిప్టునూ మాత్రం పాత బ్యాకప్‌ల గడువు తీరేవరకు విడిగా, భద్రంగా ఉంచండి.