టేకు తోటలో చెట్ల పోటీని లెక్కగట్టే పద్ధతి

సిరోంచా చుట్టుపక్కల 2×2 మీటర్ల ఎడంతో టేకు పెట్టినవాళ్లకు కొన్నేళ్లకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది: ఏ చెట్టు తీస్తే పక్కది ఎంత లావెక్కుతుంది? దీనికి చిన్న లెక్క చాలు. కష్టమంతా కొలతల్లోనే ఉంది.

30×30 మీటర్ల ముక్కను గుర్తించి, ప్రతి చెట్టుకూ నంబరు వేయండి. ఒక మూల నుంచి అడ్డం, నిలువు దూరాలు రాసుకోండి. 1.37 మీటర్ల ఎత్తులో పెయింటు గీత పెట్టి, ఏటా ఆ గీత మీదే చుట్టుకొలత తీయండి. తీగలుంటే ముందే తప్పించాలి. కొలిచే నెల మారకూడదు. ఎండల్లో నీరు తగ్గి మాను కాస్త కుంచించుకుంటుంది, వానలకు ఉబ్బుతుంది. నిరుడు మేలో, ఈసారి ఆగస్టులో కొలిస్తే కనిపించే తేడా అంతా పెరుగుదల కాదు.

చుట్టుకొలతను 22/7తో భాగిస్తే వ్యాసం వస్తుంది. పోటీకి 1974 నాటి హెగ్యి సూచిక వాడండి: పక్క చెట్టు వ్యాసాన్ని మన చెట్టు వ్యాసంతో భాగించి, వచ్చినదాన్ని మీటర్లలో దూరంతో భాగించాలి. 6 మీటర్ల లోపు ఉన్న చెట్లన్నిటికీ ఇలా చేసి కూడాలి. మన చెట్టు చుట్టుకొలత 66 సెం.మీ. అయితే వ్యాసం 21. రెండు మీటర్లలో 28 వ్యాసం చెట్టుంటే 0.67, అంతే దూరంలో 14 వ్యాసం చెట్టుంటే 0.33, రెండూ కలిపి 1.00. అదే 14 వ్యాసం చెట్టు వైపు నుంచి చూస్తే మన చెట్టు ఒక్కటే 0.75 ఒత్తిడి పెడుతోంది. పెద్దది చిన్నదాన్ని తొక్కినంతగా చిన్నది పెద్దదాన్ని తొక్కదు.

అంచు నుంచి 6 మీటర్ల లోపు చెట్లను పొరుగువాటిగా మాత్రమే లెక్కించండి. వాటి అసలు పొరుగు చెట్లు కొన్ని గీత అవతల ఉంటాయి కాబట్టి సూచిక తప్పుగా తగ్గుతుంది. లోపలి 18×18 మీటర్లలోని చెట్లనే పెరుగుదలను అంచనా వేసే సూత్రం కట్టడానికి వాడాలి.

ఆ సూత్రం ఇది: వ్యాసంలో ఏడాది పెరుగుదల లాగ్ (సంవర్గమానం) = అ − ఆ × సూచిక + ఇ × వ్యాసం లాగ్. అ, ఆ, ఇ విలువలను ఎక్సెల్‌లో లైన్‌ఎస్ట్ (LINEST) అనే ఫంక్షన్ మన కొలతల నుంచి లెక్కగట్టి ఇస్తుంది. చివరి పదాన్ని వదిలేయాలనిపిస్తుంది, వదలొద్దు. సన్న చెట్టుకు సూచిక ఎలాగూ ఎక్కువే వస్తుంది, ఎందుకంటే దాని వ్యాసమే హారంలో ఉంది. ఆ పదం లేకపోతే నాసి మొక్క వల్లో చౌడు నేల వల్లో ఎదగనిది కూడా పోటీ ఖాతాలో పడుతుంది. అప్పుడు కొన్ని చెట్లు తీసి తోట పలచన చేస్తే వచ్చే లాభం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. పెరుగుదల సున్నా వచ్చిన చెట్టుకు లాగ్ రాదు. దాన్ని కొట్టేయకండి, మళ్లీ కొలవండి. అప్పుడూ సున్నాయే అయితే టేపులో చదవగలిగే కనిష్ఠ తేడాలో సగం వేయండి.

ఇక లెక్కను రాబోయే ఏళ్లకు ముందుకు నడపడం: ప్రతి ఏడూ సూచికలు లెక్కించి, పెరుగుదల కలిపి, కొత్త వ్యాసాలతో మళ్లీ సూచికలు లెక్కించాలి. పలచన చేయడాన్ని చూడాలంటే తీయబోయే చెట్లను పట్టికలోంచి తొలగిస్తే చాలు. లెక్క మరుసటి ఏడే లాభం చూపిస్తుంది. తోటలో మాత్రం చెట్టు తల (కొమ్మల గుబురు) విస్తరించి ఆ ఖాళీని నింపాకే మాను లావెక్కుతుంది. అందుకే తొలి ఏడు పాత సూచికనే ఉంచండి.

ఒండ్రు నేలలో కట్టిన అంకెలను మెరక చేనుకు వాడొద్దు, గట్టు మీది వరస టేకుకు అసలే వాడొద్దు. గట్టు చెట్టుకు రెండు పక్కలా వెలుతురు, చేనుకు పెట్టిన నీరూ ఎరువూ అందుతాయి.