కొత్త నాణేల వేట: ప్యాకెట్ విప్పడం నుంచి భద్రపరచడం దాకా

మన చలామణి నాణేలు తయారయ్యే టంకశాలలు నాలుగు: ముంబయి, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా. కొత్త నాణెం చేతికి రాగానే సంవత్సరం, ఆ అంకెల కిందుండే చిన్న గుర్తు చూడాలి. వజ్రం ఆకారం ముంబయిది, ఐదు కోణాల నక్షత్రం హైదరాబాద్‌ది, గుండ్రటి చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. వజ్రం, చుక్క మామూలు కంటికి ఒకేలా కనిపిస్తాయి. 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా నాణేన్ని వంచి చూస్తే మూలలు తెలిసిపోతాయి.

1, 2, 5, 10, 20 రూపాయల్లో నాలుగు టంకశాలలవీ ఒక్కొక్కటి పెట్టుకుంటే ఏడాదికి 20 గళ్లు, ముఖవిలువ రూ.152. ప్రతి టంకశాలా ప్రతి ఏడూ అన్ని విలువలూ కొట్టదు. కొన్ని గళ్లు ఖాళీగా ఉంటే అది మీ వేటలో లోపం కాదు.

జనవరిలోనే ఆ ఏటి నాణేలు దొరుకుతాయని ఆశపడొద్దు. టంకశాలలో తయారైనవి రిజర్వు బ్యాంకుకు, అక్కడి నుంచి కరెన్సీ చెస్ట్ (రిజర్వు బ్యాంకు తరఫున నగదు నిల్వ ఉంచే గది) ఉన్న బ్యాంకు శాఖలకు, ఆ తర్వాతే మామూలు శాఖలకు చేరతాయి. కిందటేడు ముద్రించినవి ఈ ఏడు బయటికి రావడం మామూలే. కాబట్టి అడగాల్సింది చెస్ట్ ఉన్న శాఖలో, రద్దీ లేని వేళ. ‘చిల్లర కావాలి’ అంటే వాడిన నాణేలు ఇచ్చేస్తారు. ‘సీలు విప్పని కొత్త నాణేల ప్యాకెట్ ఉందా’ అని నేరుగా అడగండి. రూపాయి నాణేలు 100 ఉన్న ప్యాకెట్ అయితే ఖర్చు వందే. ఒకే సంచిలోంచి వచ్చినవాటి మీద సాధారణంగా ఒకే టంకశాల గుర్తుంటుంది. అందుకే ఒకే చోట నాలుగు ప్యాకెట్లు తీసుకోవడం కన్నా నాలుగు శాఖల్లో ఒక్కొక్కటి తీసుకోవడం మేలు. మీ ప్రాంతానికి రాని గుర్తుల కోసం వేరే రాష్ట్రాల సేకర్తలతో మార్పిడి చేసుకోవాలి. ఇందుకోసం ప్రతి రకంలో నాలుగైదు అదనంగా దాచండి.

ప్యాకెట్‌ను గట్టి బల్ల మీద గుమ్మరించకండి. మెత్తటి గుడ్డ పరిచి, ఒక్కొక్కటీ అంచులు పట్టుకుని తీయండి. వేలి తడి, జిడ్డు తగిలిన చోట ఇత్తడి రంగు 5 రూపాయల నాణెం మీద కొన్నాళ్లకు గోధుమ రంగు మచ్చ తేలుతుంది, అది మళ్లీ పోదు. సంచిలో ఒకదానికొకటి తగిలి పడిన గాట్లు కొత్త నాణేల మీదా ఉంటాయి. సింహాల బొమ్మ మీద, చుట్టూ ఉన్న నున్నటి భాగంలో గాట్లు తక్కువున్నవి ఏరుకోండి. వందలో మేలైనవి కొన్నే దొరుకుతాయి, ఆ ఓపిక ఉండాల్సిందే.

కలగాపులగం చిల్లరలో వెతికితే కొలతలు తెలిసి ఉండాలి. 2019లో ప్రకటించిన సిరీస్‌లో రూపాయి 20 మి.మీ., 3.09 గ్రాములు, రెండు రూపాయలు 23 మి.మీ., 4.07 గ్రాములు, ఐదు 25 మి.మీ., 6.74 గ్రాములు, పది 27 మి.మీ., 7.74 గ్రాములు, ఇరవై 27 మి.మీ., 8.54 గ్రాములు, 12 పలకలు. 2011 సిరీస్ రెండు రూపాయలు కూడా 25 మి.మీ. కావడంతో కొత్త ఐదుతో పొరబడతారు. అయస్కాంతం పెట్టండి: స్టీలు రెండు అంటుకుంటుంది, నికెల్ ఇత్తడి ఐదు అంటుకోదు. 2022 జూన్‌లో విడుదలైన ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ లోగో నాణేలూ చలామణివే, వాటికి వేరే వరుస పెట్టుకోండి.

ముద్రణ తప్పులూ ఈ ప్యాకెట్లలోనే దొరుకుతాయి. సింహాలు నిటారుగా ఉండేలా నాణేన్ని పైన, కింద వేళ్లతో పట్టుకుని పక్కకు తిప్పండి. వెనక అంకె కూడా నిటారుగానే రావాలి. పక్కకు వాలినా తలకిందులైనా అచ్చు తిరిగిందన్నమాట. అచ్చులో గ్రీజు ఇరుక్కుని ఒకటి రెండు అక్షరాలు మసకబారడం తరచూ జరిగేదే, దానికి పెద్ద ధర ఇవ్వొద్దు. 10, 20 రూపాయల నాణేల్లో బయటి రింగు ఒక లోహం, నడిబిళ్ల మరో లోహం. నడిబిళ్ల మారిన నాణేలతో మరీ జాగ్రత్త. రెండు లోహాలూ ముద్ర పడేటప్పుడే ఒత్తిడికి బిగుసుకుంటాయి. తర్వాత ఊడదీసి మార్చిన నాణెంలో కలిసే గీత వెంట గీరుళ్లు, సందులు కనిపిస్తాయి.

దాచడానికి మైలార్ (పారదర్శక ప్లాస్టిక్ పొర) కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు మంచివి. మెత్తగా, ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ కవర్లు వద్దు. అవి నాణెం మీద పచ్చటి జిగురు వదులుతాయి. పిన్నులు కొట్టే హోల్డరయితే పిన్ను కాళ్లను పట్టకారుతో అణచండి, లేదంటే పక్క నాణేన్ని గీకుతాయి. డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేయండి. చింతపండు, నిమ్మకాయ, పాలిష్ దగ్గరికి రానీయొద్దు. తోమిన నాణెం మెరుస్తుంది కానీ టంకశాల ఇచ్చిన సహజమైన నిగ్గు పోతుంది. హోల్డర్ మీద సంవత్సరం, గుర్తు, దొరికిన నెల రాసిపెట్టండి.

రూ.75, రూ.100 స్మారక నాణేలు చిల్లరలో దొరకవు. 2023 ఆగస్టు 28న విడుదలైన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం అలాంటిదే: 44 మి.మీ., సగం వెండి. వీటిని ప్రభుత్వ టంకశాలల సంస్థ దగ్గరే, ముఖవిలువ కన్నా ఎక్కువ ధరకు కొనాలి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ‘మీ నాణేనికి లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండి’ అనే ప్రకటనలు మోసం. 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ఈ హెచ్చరిక చేసింది.

ఏరగా మిగిలినవి ఖర్చు చేసేయండి. రూపాయి, అంతకు పైబడిన నాణేలతో ఒక చెల్లింపులో రూ.1,000 దాకా కట్టొచ్చు. బ్యాంకులో వేస్తే వందేసి నాణేల పొట్లాలుగా కట్టి తీసుకెళ్లండి, లెక్క తొందరగా తెములుతుంది.