మేధో వైకల్యం ఉన్న పిల్లల్ని మామూలు బడిలో చేర్చడం ఎలా?

"మా వాడిని మామూలు బడిలో వేయాలా, స్పెషల్ స్కూల్లో వేయాలా?" తల్లిదండ్రులు మొదట అడిగేది ఇదే. చాలామంది వైకల్య సర్టిఫికెట్‌లోని శాతం చూసి జవాబు చెప్పేస్తారు. ఆ శాతం, వైకల్యం స్వల్పమైతే 50, మధ్యస్థమైతే 75, తీవ్రమైతే 90 అని మెట్లుగా వేసేదే. 75 శాతం ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకడు కొట్టుకెళ్ళి పాలప్యాకెట్ తేగలడు, ఇంకొకడికి చొక్కా తొడగాలి. కాబట్టి పని ఇంట్లోంచే మొదలుపెట్టండి.

1. ఓ వారం నోట్‌బుక్ రాయండి

బాత్‌రూమ్ వస్తే ఎలా చెబుతాడు? అన్నం తనే తింటాడా? ఎంతసేపు ఒకచోట కూర్చుంటాడు? చప్పుడు ఎక్కువైతే చెవులు మూసుకుంటాడా? "కొంచెం మందం అండీ" అంటే టీచరుకు ఏమీ అర్థం కాదు. "రెండు మాటలు కలిపి మాట్లాడతాడు, ఒంటేలుకి వస్తే చెయ్యి పట్టి లాగుతాడు" అని రాసిస్తే మొదటి రోజు నుంచే ఆమెకు పని తేలికవుతుంది. ఫిట్స్ ఉంటే, మందులు వాడుతుంటే అదీ రాయండి. దాచొద్దు.

2. కాగితాలు

వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు) తీసుకోండి. డాక్టర్ల పరీక్షకు స్లాట్ సంగతి మీసేవలోనో గ్రామ సచివాలయంలోనో అడగండి. పిల్లాడి స్థాయి వివరంగా తెలియాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. పాతవాళ్ళు ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. సర్టిఫికెట్ ఇంకా రాలేదని అడ్మిషన్ ఆపుకోకండి. రెండూ పక్కపక్కనే నడిపించవచ్చు.

3. బడిలో అడగండి

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు ఉచిత చదువు హక్కు. ఇంటి దగ్గరి బడా, స్పెషల్ స్కూలా అన్నది మీ ఇష్టం. చేర్చుకోవడానికి పిల్లాడికి పరీక్ష పెట్టకూడదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. "మా దగ్గర కుదరదు" అంటే, గొడవ పడకుండా అదే మాట కాగితం మీద రాసివ్వమనండి. చాలాచోట్ల వ్యవహారం అక్కడితో తెగిపోతుంది. తెగకపోతే ఎంఈవో (మండల విద్యాధికారి), ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు.

తరగతి వయసును బట్టే ఉండాలి. తొమ్మిదేళ్ళ పిల్లాడిని "అక్షరాలు రావు కదా" అని ఒకటో తరగతిలో కూర్చోబెడితే వాడికి స్నేహితులు దొరకరు.

4. మొదటి నెల: ఆట, అన్నం, ఆ తర్వాతే పాఠం

చాలా బళ్ళు ఇక్కడే తలకిందులుగా చేస్తాయి. లెక్కల పీరియడ్‌లో వెనక బెంచీలో కూర్చోబెట్టి, ఆటల పీరియడ్‌లో "పడిపోతాడేమో" అని ఆపేస్తారు. మీరు ప్రార్థన, మధ్యాహ్న భోజనం, ఆటలు, డ్రాయింగ్‌తో మొదలుపెట్టమనండి. అవసరమైతే మొదట పూటబడే.

ముందు వరసలో, కిటికీకి దూరంగా చోటు అడగండి. పక్కన సాయానికి ఒక పిల్లనే ఏడాదంతా పెట్టొద్దు. పాపం, ఆ అమ్మాయి ఆయాగా మారిపోతుంది. వారానికి ఇద్దరు చొప్పున మారుస్తుంటే తరగతిలో అందరికీ వీడి మాట అర్థమవుతుంది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాన్ని మీ మండలంలో వాడుకోండి. అక్కడి స్పెషల్ టీచర్లు మాట, నడక, చేతిపని మీద విడిగా సాధన చేయిస్తారు. కానీ రోజంతా అక్కడే ఉంచేస్తే వాడు పేరుకే మామూలు బడిలో ఉన్నట్టు. ఏ పీరియడ్లు భవితలో, ఏవి తరగతిలో అన్నది టైంటేబుల్‌గా రాయించుకోండి.

5. మూడు నెలలకు మూడు లక్ష్యాలు

ఐఈపీ అనే వ్యక్తిగత విద్యా ప్రణాళికను తరగతి టీచరు, భవిత టీచరు, మీరు కూర్చుని రాసుకోవాలి. "లెక్కలు నేర్చుకుంటాడు" అని రాస్తే దాన్ని ఎవరూ కొలవలేరు. "10 నోటు, 20 నోటు గుర్తుపట్టి ఇస్తాడు" అని రాయండి. మిగతావాళ్ళు కూడికలు చేస్తుంటే, వాడు బెంచీకి ఎన్ని పుస్తకాలో లెక్కపెట్టి పంచుతాడు. అదీ లెక్కల పాఠమే.

6. డబ్బులు, పరీక్షలు

ఎస్కార్ట్ (పిల్లాడిని బడికి తీసుకొచ్చే మనిషికి), రవాణా భత్యాల గురించి జూన్‌లోనే హెచ్‌ఎంను అడగండి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడి చదువుల పథకం కింద వైకల్యం ఉన్న ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు స్టైపెండ్ ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల మినహాయింపు అడగవచ్చు. పదో తరగతికి ఓపెన్ స్కూల్ దారి కూడా ఉంది.

7. కుదరకపోతే

మూడు నెలలకోసారి చూసుకోండి. పిల్లాడు రోజూ అన్నం డబ్బా తెరవకుండా తెస్తున్నా, బడి పేరెత్తితే వణుకుతున్నా ఏదో సరిగా లేదు. ముందు సీటు, పీరియడ్లు మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే స్పెషల్ స్కూల్‌కి మార్చడం తప్పేమీ కాదు. తీవ్రమైన వైకల్యం ఉంటే ఇంటి వద్దే చదువు కూడా చట్టంలో ఉంది. స్పెషల్ స్కూల్‌కి వెళ్ళినప్పుడు ఏ వయసువాళ్ళతో కూర్చోబెడతారో అడగండి. ఆ మొదటి నోట్‌బుక్ అక్కడికీ పట్టుకెళ్ళండి.