తీరపు మొక్కలను గుర్తించడం – 4వ పాఠం: రావణాసురుని మీసాలు

గత పాఠంలో మేకడెక్కను పోలిన ఆకుల తీగను గుర్తించడం నేర్చుకున్నాము. అదే ఇసుక తిన్నెలపై, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో, ముట్టుకుంటే గుచ్చుకునే గడ్డి ఒకటి పెరుగుతుంది. దానికి తెలుగులో రావణాసురుని మీసాలు అని పేరు. తమిళులు కూడా దీనిని రావణుని మీసమనే అంటారు. సింహళీయులు రావణుని గడ్డం అంటారు. శాస్త్రీయ నామమైన స్పినిఫెక్స్ లిట్టోరియస్‌లో మొదటి పదానికి ముళ్లను చేసేదని, రెండవ పదానికి సముద్రతీరానికి చెందినదని లాటిన్‌లో అర్థం.

మీసమనే పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఆడ మొక్క కంకిని చూడాలి. గుండ్రంగా పెరిగే ఆ కంకి నుంచి బిరుసైన పొడవాటి సూదులు అన్ని దిక్కులకూ నిక్కి ఉంటాయి. ఒక్కో సూది మొదట్లో ఒకే ఒక్క చిరుకంకి ఉంటుంది, గింజ తయారయ్యేది అందులోనే. పండిన తరువాత కంకి మొత్తం బంతిలా విడివడి, గాలికి ఇసుకపై దొర్లుతూ తన గింజలను రాల్చుకుంటూ పోతుంది. తీరంలో చూడదగిన దృశ్యాలలో ఇది నాకు అత్యంత ఇష్టమైనది.

అయితే నేర్చుకునేవారు ఇక్కడే జాగ్రత్తపడాలి. ఈ గడ్డిలో ఆడ, మగ పూలు వేర్వేరు మొక్కలపై పూస్తాయి. మగ మొక్క కంకులు గుత్తులుగా వచ్చినా అలా గుండ్రని బంతిగా మారి దొర్లవు. కాబట్టి పేరునే ఆనవాలుగా పట్టుకుంటే మగ మొక్కలనూ, కంకి లేని కాలంలో ఏ మొక్కనైనా గుర్తించలేము.

నమ్మదగిన గుర్తులు కాడలోనూ ఆకులోనూ ఉన్నాయి. కాడ ఇసుకపై మీటర్ల కొద్దీ పాకుతూ, కణుపుల వద్ద వేళ్లూని, అక్కడ ఆకుల కుచ్చును లేపుతుంది. ఆకు గట్టిగా, లోపలికి ముడుచుకుని, వెనక్కి వంగి, సూదిమొనతో ముగుస్తుంది. ఈ కుచ్చులకు తగిలిన గాలి వేగం తగ్గి, మోసుకొచ్చిన ఇసుకను అక్కడే వదిలేస్తుంది. ఇసుక కప్పేసిన కొద్దీ మొక్క దానిని చీల్చుకుని పైకి కొత్త చిగుళ్లు వేస్తుంది, తిన్నె ఎత్తు పెరిగేది ఈ విధంగానే. అందువల్ల పరిశీలన కోసం కాడను పీకవద్దు: వేరు వదిలిన చోట ఇసుక మళ్లీ గాలి పాలవుతుంది.

ఆస్ట్రేలియా లోపలి ఎడారుల గురించిన రచనలలో స్పినిఫెక్స్ అని కనిపించే గడ్డి సాధారణంగా ట్రయోడియా అనే వేరొక ప్రజాతికి చెందినదని కూడా గుర్తుంచుకోండి.

అభ్యాసంగా, ఒక తిన్నెపై ఏదైనా ఒక కాడను దాని కొస నుంచి వెనక్కి చూపుతో అనుసరిస్తూ, ఎన్ని కణుపుల వద్ద వేళ్లున్నాయో, ఏ కుచ్చుల చుట్టూ ఇసుక పోగైందో, అది గాలికి ఏ వైపున ఎక్కువగా ఉందో రాసుకోండి. కంకి ఉంటే అది ఆడదో మగదో నిర్ణయించి, ఏ ఆధారంతో ఆ నిర్ణయానికి వచ్చారో ఒక వాక్యంలో చేర్చండి. ఆడ కంకిని ముట్టుకునే ముందు చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోవడం మరువవద్దు.