చిన్న కార్గో విమాన సంస్థలో చేరే ముందు: పైలట్ల రాజీనామాలను, యాజమాన్య మార్పులను ఎలా చదవాలి

తలకు మించిన అప్పు చేసి, 200 గంటల ఫ్లయింగ్ పూర్తిచేసి, కమర్షియల్ పైలట్ లైసెన్సుతో ఇంటికి వచ్చిన పిల్లలు గాజువాకలోనో మధురవాడలోనో పెద్ద విమాన సంస్థల పిలుపు కోసం నెలల తరబడి ఎదురుచూడటం ఇప్పుడు విశాఖపట్నంలో వింతేమీ కాదు. అలాంటి సమయంలో మూడు నాలుగు విమానాలున్న చిన్న కార్గో సంస్థ నుంచి ఆఫర్ లెటర్ వస్తే, అభ్యర్థి జీతం ఎంతో చూస్తాడు, తల్లిదండ్రులు కంపెనీ మంచిదేనా అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నల వల్లా తెలిసేది తక్కువ. ఆ సంస్థలో ఏ స్థాయి పైలట్లు ఎప్పుడెప్పుడు మానేస్తున్నారో, పైనున్న అధికారులు ఎంత తరచుగా మారుతున్నారో తెలుసుకుంటే, వచ్చే రెండేళ్లలో మీ లాగ్‌బుక్ నిండుతుందో లేదో చాలావరకు అంచనా వేయవచ్చు.

పైలట్లు మానేయడమే చెడ్డ గుర్తు అనుకోవడం పొరపాటు. చిన్న కార్గో సంస్థలో పని ఎక్కువగా రాత్రిపూట ఉంటుంది, విమానాలు తక్కువ కాబట్టి పదోన్నతులూ తక్కువే. అందువల్ల ఫస్ట్ ఆఫీసర్లు (కో-పైలట్లు) 1500 గంటలు పూర్తిచేసి, ఏటీపీఎల్ (కెప్టెన్ కావడానికి కావలసిన లైసెన్సు) సంపాదించుకుని పెద్ద సంస్థలకు వెళ్లిపోవడం ఈ వృత్తిలో సహజమైన దారి. అమెరికాలో పెద్ద కొరియర్ సంస్థల కోసం చిన్న ఊళ్లకు సెస్నా కారవాన్ విమానాలు నడిపే ఫీడర్ సంస్థలు పైలట్లు వెళ్లిపోతారని ముందే లెక్క వేసుకుని నియామకాలు చేస్తాయి. కాబట్టి ఎంతమంది వెళ్లారన్నదానికన్నా, వెళ్లినవారు ఎవరన్నది ముఖ్యం.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. మూడు విమానాలున్న సంస్థలో పదిహేనుమంది కెప్టెన్లు, పదిహేనుమంది ఫస్ట్ ఆఫీసర్లు ఉన్నారని, ఆ కెప్టెన్లలో ముగ్గురికి మాత్రమే శిక్షణ ఇచ్చే అధికారం ఉందని అనుకోండి. ఏడాదిలో నలుగురు ఫస్ట్ ఆఫీసర్లు వెళ్లిపోతే మీకు మేలే, ఎందుకంటే ఆ సీట్లు మీకోసం ఖాళీ అయ్యాయి. అదే ఇద్దరు ట్రైనింగ్ కెప్టెన్లు వెళ్లిపోతే, కాగితం మీద ఇద్దరే తగ్గినా, కొత్తవారికి లైన్ ట్రైనింగ్ (నిజమైన సర్వీసుల్లో శిక్షణ) ఇచ్చి రిలీజ్ చేసే (మామూలు డ్యూటీకి అర్హులని తేల్చే) పని దాదాపు ఆగిపోతుంది. అప్పుడు మీరు టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) చేసి కూడా హోటల్ గదిలో కూర్చోవలసి వస్తుంది. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు లేకపోతే రీసెన్సీ (ఇటీవల నడిపిన అనుభవం ఉందన్న అర్హత) పోతుంది, ఆరు నెలలకోసారి జరగవలసిన ప్రొఫిషియెన్సీ చెక్ (నైపుణ్య పరీక్ష) దగ్గరపడుతుంది, బ్యాంకు ఈఎంఐ మాత్రం ఏ నెలా ఆగదు. అందుచేత ఇంటర్వ్యూలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఈ రోజు శిక్షణ ఇచ్చే అర్హత ఉన్న కెప్టెన్లు ఎందరు, రిలీజ్ కోసం వరుసలో ఉన్నవారు ఎందరు?

నోటీసు కాలం లెక్క

మన దేశంలో పైలట్ల రాజీనామాలను అర్థం చేసుకోవడానికి ఒక కిటుకు ఉంది. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో చేసిన నిబంధన ప్రకారం కెప్టెన్ కనీసం ఏడాది, ఫస్ట్ ఆఫీసర్ కనీసం ఆరు నెలలు నోటీసు ఇవ్వాలి. నాన్-షెడ్యూల్డ్ పర్మిట్‌తో (నిర్ణీత టైంటేబుల్ లేని సర్వీసుల అనుమతితో) నడిచే కార్గో సంస్థ అయితే ఒప్పందంలో రాసిన నోటీసు కాలాన్ని విడిగా చదువుకోవాలి. దీనివల్ల జరిగేదేమిటంటే, ఈ జనవరిలో ఖాళీ అయిన కెప్టెన్ సీటు పోయిన జనవరిలో తీసుకున్న నిర్ణయానికి ఫలితం. ఈ రోజు సీట్లన్నీ నిండుగా కనిపిస్తున్నా, వాటిలో కూర్చున్నవారిలో మూడోవంతు మంది ఇప్పటికే రాజీనామా లేఖలు ఇచ్చి ఉండవచ్చు. ‘గత ఏడాది ఎందరు మానేశారు’ అని అడిగితే పాత సంగతే తెలుస్తుంది. ‘ప్రస్తుతం నోటీసులో ఉన్నవారు ఎందరు, వారిలో కెప్టెన్లు ఎందరు’ అని అడిగితేనే రాబోయే సంగతి తెలుస్తుంది. హెచ్ఆర్ వారు ఈ సంఖ్య చెప్పకపోవచ్చు. లోపల పనిచేస్తున్న ఫస్ట్ ఆఫీసర్‌కు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టి చెప్పేంత స్పష్టంగా తెలిసి ఉంటుంది.

ఈ సంఖ్య దొరికాక, ఆ రాజీనామాల తేదీలను యాజమాన్యంలో జరిగిన మార్పుల తేదీలతో సరిపోల్చండి. కొత్త సీఈఓ రాకముందే ఎక్కువమంది లేఖలు ఇచ్చి ఉంటే, బహుశా పాత పద్ధతులతో విసిగినవారు వెళ్తున్నారు, కొత్తగా వచ్చిన వ్యక్తి పరిస్థితిని చక్కదిద్దే అవకాశం ఇంకా ఉంది. ఆయన వచ్చిన మూడు నాలుగు నెలలకు లేఖలు గుంపుగా పడితే, జీతం లెక్కలోనో, బేస్‌లోనో (పనిచేసే ఊరిలో), రోస్టర్‌లోనో (డ్యూటీల పట్టికలో) ఏదో మారింది, అదేమిటో తెలియకుండా సంతకం చేయకూడదు.

యాజమాన్య మార్పులు ఎక్కడ కనిపిస్తాయి

దీనికి ఎవరినీ బతిమాలవలసిన పని లేదు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో కంపెనీ పేరు వెతికితే డైరెక్టర్ల పేర్లు, వారు చేరిన తేదీలు, ఆస్తుల మీద ఉన్న తనఖాల వివరాలు కనిపిస్తాయి. స్వల్ప రుసుము చెల్లిస్తే దాఖలు చేసిన పత్రాలను కూడా చూడవచ్చు. డైరెక్టరు మారినప్పుడు 30 రోజుల్లోగా డీఐఆర్-12 అనే ఫారం దాఖలు చేయాలి కనుక, ఆ ఫారాల తేదీలను వరుసగా రాసుకుంటే ఐదేళ్ల చరిత్ర ఒక్క కాగితం మీదికి వస్తుంది. ఏడాదికొకరు మారడం చిన్న కంపెనీల్లో అరుదు కాదు. ముగ్గురు ఒకే నెలలో తప్పుకుంటే వాటా చేతులు మారిందనో, అప్పిచ్చినవారితో పేచీ వచ్చిందనో అనుమానించాలి.

డైరెక్టర్ల రాజీనామా కన్నా నేను ఎక్కువ బరువు ఇచ్చేది ఆడిటర్ రాజీనామాకు. గడువు ముగియకుండానే ఆడిటర్ తప్పుకుంటే ఏడీటీ-3 అనే ఫారంలో కారణం రాయవలసి ఉంటుంది. ఆ కారణం ఎంత మర్యాదగా రాసినా, తేదీ మాత్రం అబద్ధమాడదు. అలాగే వార్షిక లెక్కలతో జతచేసిన ఆడిట్ నివేదిక చివర్లో ఉండే అనుబంధాన్ని తప్పకుండా తెరవండి. అందులో ఏడో అంశం కింద, ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్, ఆదాయపు పన్ను, జీఎస్టీ వంటి బకాయిలు ఆరు నెలలకు పైబడి చెల్లించకుండా ఉన్నాయా అన్నది ఆడిటర్ చెప్పాలి. అక్కడ ‘సక్రమంగా చెల్లిస్తున్నారు’ అన్న ఒక్క వాక్యం ఉంటే మంచిదే. దాని బదులు మొత్తాలు, నెలలు వేసిన చిన్న పట్టిక ఉంటే, ఆ పట్టికలోని డబ్బులో కొంత పైలట్ల జీతాల నుంచి కోసి కట్టకుండా ఉంచినదే కావచ్చు. ఈ అరపేజీ మీద వెచ్చించే పది నిమిషాలు పదిమందితో మాట్లాడటం కన్నా విలువైనవి.

బోర్డులో ఉన్నవారు వేరు, విమానాల నిర్వహణకు డీజీసీఏకు జవాబుదారీగా ఉండేవారు వేరు. అకౌంటబుల్ మేనేజర్ (సంస్థ తరఫున డీజీసీఏకు అంతిమ బాధ్యుడు), ఫ్లైట్ ఆపరేషన్స్, ట్రైనింగ్, సేఫ్టీ, ఎయిర్‌వర్దీనెస్ (విమానాల ఎగిరే యోగ్యత) విభాగాల అధిపతులను డీజీసీఏ ఆమోదించాలి. వీరిలో ట్రైనింగ్ అధిపతి, సేఫ్టీ అధిపతి ఒకే త్రైమాసికంలో వెళ్లిపోయి, ఆ కుర్చీలను ‘తాత్కాలికంగా’ ఎవరో ఒకరే చూసుకుంటున్నారని తెలిస్తే, జీతం రెట్టింపు ఇస్తామన్నా నేనైతే ఆగమంటాను. సీఈఓ మారడం ఆ స్థాయిలో భయపడవలసిన విషయం కాదు.

సరుకు ఎవరిది?

పైలట్ల రాజీనామాలకూ యాజమాన్య మార్పులకూ మూలం తరచుగా ఒక్కటే ఉంటుంది: సరుకు ఇచ్చే ఖాతాదారు. బ్లూ డార్ట్ ఏవియేషన్ 1996 నుంచి నిలకడగా ఎగురుతోందంటే, తన మాతృసంస్థ అయిన కొరియర్ కంపెనీ పార్సిళ్లు ప్రతి రాత్రీ సిద్ధంగా ఉండటం దానికొక పెద్ద కారణం. 2009లో మొదలైన దక్కన్ 360 అనే సరుకు విమాన సంస్థ రెండేళ్లలోనే ఆగిపోయింది. హైదరాబాద్ కేంద్రంగా ఏర్పడిన ఫ్లయింగ్టన్ ఫ్రైటర్స్ ఎయిర్‌బస్ ఏ330 సరుకు విమానాలకు ఆర్డర్లు ఇచ్చి కూడా ఒక్క సర్వీసు నడపకుండానే కనుమరుగైంది. 2023 జనవరిలో అమెజాన్ ఎయిర్ హైదరాబాద్‌లో ప్రారంభమైనప్పుడు ఆ పార్సిళ్లు మోసే పని క్విక్‌జెట్ అనే కార్గో సంస్థకు దక్కింది. అలాంటి ఒక్క ఒప్పందం చిన్న సంస్థను నిలబెట్టగలదు, అదే ఒక్క ఒప్పందం మీద సంస్థ అంతా ఆధారపడిపోనూగలదు. కాబట్టి మీకు ఆఫర్ ఇచ్చిన సంస్థ ఎవరి సరుకు మోస్తోందో, ఆ ఒప్పందం ఎప్పటి వరకు ఉందో అడగండి.

ఇక్కడ విశాఖ తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలి. ‘మన దగ్గర రొయ్యలు ఇంత ఎగుమతి అవుతున్నాయి, పరవాడలో అన్ని మందుల కంపెనీలున్నాయి, కార్గోకు ఢోకా ఏముంటుంది’ అనే వాదన తరచుగా వినిపిస్తుంది. గడ్డకట్టించిన రొయ్య ప్రధానంగా శీతల కంటెయినర్లలో ఓడ మీదే వెళ్తుంది. మందుల్లో కూడా అత్యవసరమైనవీ ఖరీదైనవే విమానం ఎక్కుతాయి, వాటిలోనూ చాలా భాగం ప్రయాణికుల విమానాల అడుగు అరలో వెళ్లిపోతుంది. మన ఊరి ఎగుమతుల ఘనతను బట్టి ఒక సరుకు విమాన సంస్థ భవిష్యత్తును లెక్కకట్టకూడదు.

మనుషులతో ఎలా మాట్లాడాలి

మన విమానాశ్రయం ఐఎన్ఎస్ డేగా నౌకాదళ స్థావరంలోనే నడుస్తూ వచ్చింది కనుక, పదవీ విరమణ చేసిన నౌకాదళ పైలట్లూ ఇంజినీర్లూ ఈ ఊళ్లో చాలామందే స్థిరపడ్డారు. వారిలో కొందరు తర్వాత పౌర విమానయానంలో పనిచేసినవారే. తెలిసినవారి ద్వారా వెళ్లి, ‘సార్, ఈ సంస్థలో ట్రైనింగ్ చూసేవారు మీకు తెలుసా’ అని అడిగితే, ఏజెంట్లు చెప్పని సంగతులు తెలుస్తాయి.

లోపల పనిచేస్తున్న కుర్రవాణ్ణి ‘ఎలా ఉందన్నా?’ అని అడిగితే ‘పర్లేదు, బాగానే ఉంది’ అంటాడు. ఆ జవాబుకు విలువ లేదు. గత నెల రోస్టర్ ఎన్నిసార్లు మారిందో అడగండి. 25వ తేదీన విడుదలైన రోస్టర్ 10వ తేదీకల్లా మూడోసారి సవరణకు వచ్చి, ఆఫ్ అని ఉన్న గడిలో స్టాండ్‌బై (పిలిస్తే రావలసిన డ్యూటీ) అని, స్టాండ్‌బై గడిలో రాత్రి రెండు సెక్టార్లు (రెండు ప్రయాణాలు) అని చేరుతుంటే, అది కెప్టెన్ల కొరతే. డీజీసీఏ కొత్త విధి సమయ నిబంధనలు వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచి, రాత్రి అంటే అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 వరకు అని విస్తరించాయి. పని దాదాపు మొత్తం రాత్రే జరిగే సంస్థకు తన పర్మిట్ తరగతి ప్రకారం ఏ నిబంధనలు వర్తిస్తున్నాయో, వాటికి తగ్గట్టు కొత్తగా ఎందరిని తీసుకున్నారో కూడా అడగండి. అలసటగా ఉందని రిపోర్టు ఇచ్చినవారిని ఎలా చూశారన్నది వేరే ప్రశ్న, దానికి వచ్చే మౌనాన్ని కూడా జవాబుగానే తీసుకోవాలి.

సంతకం, ఆ తర్వాత

బాండు (నిర్ణీత కాలానికి ముందే మానేస్తే డబ్బు కడతానని రాసే ఒప్పందం) విషయంలో మూడు మాటలు రాతపూర్వకంగా ఉండాలి: గడిచిన నెలల నిష్పత్తిలో మొత్తం తగ్గుతూ రావాలి, సంస్థ నిర్ణీత గడువులో రిలీజ్ ఇవ్వలేకపోతే బాండు చెల్లకూడదు, యాజమాన్యం చేతులు మారినా ఇవే షరతులు కొనసాగాలి. బాండ్లన్నీ కోర్టులో చెల్లవనే ధీమా వద్దు. 2025లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు రెండు లక్షల రూపాయల బాండును సమర్థించింది. ఖాళీ చెక్కులు, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి దగ్గరా పెట్టకండి. ఎగిరినా ఎగరకపోయినా ఎన్ని గంటల జీతం ఇస్తారో చూసుకోండి, ఎందుకంటే ఖాతాదారు పోయిన నెలలో మిమ్మల్ని కాపాడేది అదొక్కటే.

చేరాక, పీఎఫ్ కోత ఉన్నవారు ప్రతి నెలా 15వ తేదీ దాటిన తర్వాత పాస్‌బుక్ చూడాలి. టీడీఎస్ మాత్రం యజమాని త్రైమాసిక రిటర్ను వేశాకే మీ పేరిట కనిపిస్తుంది కనుక, ఏప్రిల్ నుంచి జూన్ వరకు జరిగిన కోతను ఆగస్టులో చూస్తే సరిపోతుంది. జీతం ఒకసారి ఆలస్యమైతే కారణం అడగండి. ఆలస్యంతో పాటు పీఎఫ్ కూడా రెండు నెలలు జమ కాకపోతే ఇతర సంస్థలకు దరఖాస్తులు మొదలుపెట్టండి. పుకారు విని మాత్రం రాజీనామా ఇవ్వకండి, నోటీసు మొదలైతే ఆరు నెలల గడియారం మీ మీదే తిరుగుతుంది. అయితే నోటీసు కాలంలో సంస్థ జీతాన్నో షరతులనో మీకు నష్టం కలిగేలా మారిస్తే, ముందుగానే విడుదల కోరే వీలు ఆ డీజీసీఏ నిబంధనలోనే ఉంది. షరతుల మార్పు గురించి వచ్చిన ప్రతి ఈమెయిల్‌నూ మీ సొంత ఖాతాలో దాచుకోవడం అందుకే అవసరం.

కొత్త యాజమాన్యం వచ్చిందని తెలిసిన వారంలోనే మీ సీనియారిటీ, మిగిలిన సెలవులు, పెండింగులో ఉన్న శిక్షణ వివరాలను ఒక ఈమెయిల్‌లో రాసి ధ్రువీకరణ అడగండి. డీజీసీఏ ఆన్‌లైన్ వేదిక అయిన ఈజీసీఏలోని ఎలక్ట్రానిక్ లాగ్‌బుక్‌లో మీ గంటలు ఎప్పటికప్పుడు ధ్రువీకరణ అయ్యేలా చూసుకోండి. సిమ్యులేటర్ చెక్ ఫారాలు, లైన్ ట్రైనింగ్ రికార్డుల నకళ్లు తీసుకోండి. మూతపడిన సంస్థ నుంచి ఈ కాగితాలు రాబట్టడం కన్నా కష్టమైన పని ఈ వృత్తిలో మరొకటి లేదు. మానేసేటప్పుడు ఆఖరి పనిదినానికి ముందే ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ధ్రువీకరించిన గంటల పత్రం, శిక్షణ ఫైలు నకలు చేతికి తీసుకోండి. లెక్కల పరిష్కారం తర్వాతైనా జరుగుతుంది, ఈ మూడూ లేకపోతే తర్వాతి సంస్థ మిమ్మల్ని చేర్చుకునే ప్రక్రియ మొదలే కాదు.