యాక్సిడెంట్ క్లెయిమ్ – 3వ పాఠం: బండికి తగిలిన దెబ్బ, ఒంటికి తగిలిన దెబ్బ

పోయిన పాఠంలో ఎఫ్ఐఆర్ కాపీని ఎలా చదవాలో చూశాం. ఇవాళ్టి పని, బండికి తగిలిన దెబ్బకూ మనిషికి తగిలిన దెబ్బకూ కాగితాల మీద ముడి వేయడం.

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును వెనక నుంచి వ్యాన్ గుద్దిందనుకుందాం. బంపర్ మీద గీతలు తప్ప ఏమీ కనపడటం లేదు. కారులో ఉన్నావిడకు మర్నాటికి మెడ తిప్పలేనంత నొప్పి. ట్రిబ్యునల్లో (ప్రమాద పరిహారం కేసులు వినే చోట) ఇన్సూరెన్స్ తరఫు లాయరు అడిగేది ఒకటే: "బంపరే పగల్లేదు, మీ మెడకేమవుతుందమ్మా?"

దానికి జవాబు ముందు బండిలోనే వెతకాలి. ప్లాస్టిక్ బంపర్ లోపలికి నొక్కుకుపోయి మళ్లీ యథాస్థానానికి వచ్చేస్తుంది. దాని వెనకున్న ఇనప బార్ వంగితే మాత్రం వంగినట్టే ఉంటుంది. అందుకే గ్యారేజీలో బంపర్ ఊడదీసే రోజు దగ్గరుండి ఫొటోలు తీయండి. మొదట నంబరు ప్లేటు కనపడేలా దూరం నుంచి ఒకటి, తర్వాత దగ్గర నుంచి, వంగిన చోట స్కేలు పెట్టి ఇంకొకటి. డిక్కీ తలుపు చుట్టూ సందు చూడండి. ఒకవైపు గోరు దూరకుండా, రెండోవైపు వేలు పట్టేలా ఉంటే లోపలి రేకు కదిలినట్టే. సీటు వీపు వాలిపోయిందేమో కూడా చూడాలి. ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టులో డ్యామేజీల జాబితా ఉంటుంది కానీ, బంపర్ విప్పకుండా చూస్తే ఇవి అందులోకి రాకపోవచ్చు. నష్టం లెక్కగట్టడానికి ఇన్సూరెన్స్ వాళ్లు పంపే సర్వేయర్ రిపోర్టు, గ్యారేజీ బిల్లు ఆ లోటు తీరుస్తాయి. వాటిని పారేయకండి.

ఇక మెడ సంగతి. వెనక నుంచి గుద్దినప్పుడు సీటు ఒంటిని ముందుకు తోస్తుంది, తల ఒక్క క్షణం వెనకే ఉండిపోతుంది. ఆ లాగుడుకు కండరాలు, లిగమెంట్లు దెబ్బతింటాయి. ఎక్స్‌రేలో ఇవి కనపడవు. నొప్పి కూడా చాలాసార్లు కొన్ని గంటల తర్వాతో, మర్నాడో మొదలవుతుంది. కాబట్టి మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లి, ప్రమాదం తేదీ చెప్పి ఓపీ చీటీ మీద రాయించుకోవాలి. నెల తర్వాత తీయించిన ఎంఆర్ఐ ఒక్కటే చూపిస్తే, మధ్యలో ఏం జరిగిందని అడుగుతారు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది కేస్ షీట్‌లో మొదటి వాక్యం. కంగారులో వెంట వచ్చినవాళ్లు "బండి మీద నుంచి పడ్డాడు" అంటారు, క్యాజువాలిటీలో అదే రాసేస్తారు. ఇంకో బండి గుద్దిన మాటే ఉండదు. నిజమైన దెబ్బ తిన్న మనిషి ఆ ఒక్క వాక్యానికి ఏళ్ల తరబడి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఏ బండి, ఎటు నుంచి, ఎన్ని గంటలకు గుద్దిందో తెలిసినంత వరకు చెప్పి రాయించండి.

గాయాల గురించి డాక్టరు రాసిచ్చే వూండ్ సర్టిఫికెట్‌లో గాయం సింపుల్ (మామూలుది) అనో, గ్రీవియస్ (తీవ్రమైనది) అనో ఉంటుంది. ఎముక విరిగితే చట్టప్రకారం గ్రీవియసే. ఎక్స్‌రేలో ఫ్రాక్చర్ ఉండి సర్టిఫికెట్‌లో సింపుల్ అని పడితే వెంటనే ఆ డాక్టరును కలవండి.

అభ్యాసం: తెల్ల కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు బండి దెబ్బలు, కుడివైపు ఒంటి దెబ్బలు, ప్రతిదాని పక్కన దాన్ని చూపించే కాగితం పేరు, తేదీ రాయండి. కాగితం లేని చోట ఖాళీగా వదిలేయండి. 4వ పాఠంలో ఆ ఖాళీలతోనే మొదలుపెడదాం.